‘నేదు’ గలవాళ్లు

సంక్రాంతి సెలవులకి మా మేనల్లుడు వైజాగ్ హాస్టల్ నుంచి పర్లాకిమిడి వచ్చాడు. ఇంటర్ ఫస్టియర్, పదహారేళ్లు. ఇంట్లో ఉంటే నోరు మూతపడని గుంటడు, ఈసారి వచ్చి మూడు రోజులైనా అక్క అడిగినదానికి ఊఁ అనో ఆఁ అనో తప్ప మాట లేదు. తింటున్నాడు, పడుకుంటున్నాడు, లేస్తే చెవుల్లో ఇయర్‌ఫోన్లు. అక్కకి టెన్షన్ పట్టుకుంది. "ఒరే తమ్ముడూ, ఆడిని నీ షాపుకి తీసుకెల్లి కూకోబెట్టు. నాకైతే ఏటీ సెప్పడం నేదు" అని వాడిని నాకు అప్పజెప్పింది.

నాది బస్టాండు దగ్గర జిరాక్స్ షాపు. కాపీలు, ఆన్‌లైన్ ఫారాలు, పాస్‌పోర్టు ఫోటోలు, అంతే. బోర్డు ఒడియాలో ఉంటుంది, లోపల మాటలు సగం తెలుగు సగం ఒడియా, కొండల మీంచి వచ్చే సవరవాళ్లు వాళ్లలో వాళ్లు సవర మాట్లాడుకుంటూ లోపలికొచ్చి నాతో మాత్రం ఒడియాలోనో తెలుగులోనో పని చెప్తారు. మా ఊరు ఒడిశా, నది దాటితే పాతపట్నం, అది ఆంధ్రా. మాకు ఇదంతా వింతేమీ కాదు, పుట్టినప్పట్నుంచీ ఇంతే.

భోగి సాయంత్రం షాపులో ఎవరూ లేరు. వాడు ఒక ఇయర్‌ఫోన్ తీసి నా చెవిలో పెట్టి "విను మావయ్యా" అన్నాడు. పరుగెత్తే కీబోర్డు ట్యూను, దాని మీద గొంతు జీర తీసుకుంటూ ఒక కుర్రాడు పాడుతున్నాడు. మారతానని చెప్పి మారలేకపోయానని ఒప్పుకుంటూనే, నువ్వు మాత్రం వెళ్లిపోకు అని బతిమాలే పాట. నాకు ఇంగ్లిష్ పాటలు పెద్దగా అలవాటు లేదు, కానీ ఆ బతిమాలడం మాత్రం అర్థమైంది. రెండున్నర నిమిషాలు కూడా లేదు, అప్పుడే అయిపోయిందా అనిపించింది.

"ఎవడ్రా ఇతను?"

"లరోయ్ మావయ్యా. ద కిడ్ లరోయ్. ఆస్ట్రేలియా గుంటడు. ఈ పాట అమెరికాలో నంబర్ వన్ అయినప్పటికి ఆడికి ఇంకా పద్దెనిమిది కూడా నిండలేదు."

మూడు రోజుల్లో వాడి నోట్లోంచి వచ్చిన పొడుగు మాట అదే. అందుకని నేను లరోయ్ గురించే అడుగుతూ కూర్చున్నాను, ఆ దారిలో పోతే అసలు సంగతి బయటికొస్తుందేమోనని. వచ్చింది. హాస్టల్లో మొదటి రోజు రూములో ఒకబ్బాయి సబ్బు ఉందా అని అడిగితే మావాడు "నేదు" అన్నాడట, మావైపు లేదుని అలాగే అంటాం. అంతే. ఆ రోజు నుంచి వాడి పేరు నేదుగాడు. మెస్సులో నేదు, క్లాసులో నేదు, ఎవరైనా ఫోన్ చేస్తే వెనకనుంచి నేదు. వాళ్లలో విజయవాడవాళ్లున్నారు, హైదరాబాద్‌వాళ్లున్నారు, మరీ బాధాకరం ఏంటంటే శ్రీకాకుళంవాళ్లూ ఉన్నారు, వాళ్ల ఇంట్లో కూడా నేదే అంటారు కానీ హాస్టల్ గేటు దాటేలోపు మార్చేసుకున్నారు. ఒడిశా నుంచి వచ్చావు, నీది అసలు తెలుగేనా అని కూడా అడిగారట. దాంతో మావాడు మాట్లాడటమే మానేశాడు. తప్పు మాట్లాడటం కంటే ఊరుకోవడం మేలని.

వాడు ర్యాప్ రాస్తాడని నాకు అప్పుడే తెలిసింది. నోట్‌బుక్కు చూపించాడు. చదివాను. ప్రాసలు బాగానే కుదిరాయి, తెలివైన పిల్లాడు, కానీ అందులో ఒక్క మాట కూడా వాడిది కాదు. సినిమాల్లో హీరోలు పలికే హైదరాబాద్ మాటలు, ఎప్పుడూ చూడని వీధులు, ఎప్పుడూ ఎక్కని బైకులు. మహేంద్రతనయ ఒడ్డున పెరిగినవాడు ఆ నోట్‌బుక్కులో ఎక్కడా కనపడలేదు. నాకు చాలా బాధేసింది. ఏమీ అనలేదు.

ఆ రాత్రి నుంచి వారం రోజులపాటు నేను ఆ లరోయ్ గురించి దొరికిందల్లా చదివాను. మొదట మేనల్లుడి కోసం, తర్వాత నా కోసమే.

అతని అసలు పేరు చార్ల్టన్ హోవర్డ్. 2003 ఆగస్టు 17న సిడ్నీలో వాటర్లూ అనే పేటలో పుట్టాడు. వాటర్లూ, దాని పక్కనే ఉండే రెడ్‌ఫర్న్, ఈ రెండూ సిడ్నీ నగరం నడిబొడ్డుకి దగ్గర్లోనే ఉంటాయి, ప్రభుత్వం కట్టించిన ఇళ్లు ఎక్కువ, ఆస్ట్రేలియా ఆదివాసుల జీవితానికీ పోరాటాలకీ రెడ్‌ఫర్న్ పెట్టింది పేరు. నాన్న సౌండ్ ఇంజనీరు, అమ్మ కూడా సంగీత రంగంలోనే పనిచేసింది. పిల్లాడికి నాలుగేళ్లప్పుడు ఇద్దరూ విడిపోయారు. కొంతకాలం బ్రోకెన్ హిల్‌లో పెరిగాడు. అది సిడ్నీకి వెయ్యి కిలోమీటర్ల పైనే, పడమటి ఎడారి అంచున, వెండి, సీసం, జింకు గనుల చుట్టూ మొలిచిన ఊరు. తర్వాత మళ్లీ సిడ్నీ.

నన్ను పట్టేసిన సంగతి ఇక్కడుంది. ఈ పిల్లాడు పాటలు మొదలుపెట్టింది ఏ స్టూడియోలోనూ కాదు, వాళ్లమ్మ ఫోన్లో. యూట్యూబ్‌లో దొరికే బీట్లు పెట్టుకుని, వాటి మీద తను రాసుకున్నది పలికి, అమ్మ ఫోన్లో రికార్డు చేసి సౌండ్‌క్లౌడ్ అనే పాటల సైటులో పెట్టేవాడు. ఒక స్నేహితుడితో కలిసి చిన్న జట్టు కూడా కట్టాడు. పద్నాలుగేళ్లకి రాసినవన్నీ కలిపి 2018లో ఒక ఈపీ, అంటే చిన్న ఆల్బమ్, విడుదల చేశాడు, దాని పేరులోనే తన వయసు పెట్టుకున్నాడు, కల కంటున్న పద్నాలుగేళ్లవాడు అనే అర్థం వచ్చేలా. అదే ఏడాది ట్రిపుల్ జే అనే ప్రభుత్వ రేడియో స్కూలు పిల్లల కోసం పెట్టే పోటీలో ఫైనల్‌కి వెళ్లాడు. ఈ ట్రిపుల్ జే ఏబీసీవాళ్లది, మన ఆకాశవాణిలాంటి సంస్థ అనుకోండి, కానీ కుర్రాళ్ల కోసం నడిపే స్టేషను, దేశమంతా వినిపిస్తుంది. హైస్కూలు పిల్లలు ఇంట్లో చేసుకున్న పాటలు పంపితే విని, బాగున్నవి ప్రసారం చేస్తారు. ఒక ప్రభుత్వ రేడియో ఇలాంటి పని ఏటా చేస్తోందంటే నాకు నిజంగా అసూయగా ఉంది. మావాడిలాంటివాళ్లు పర్లాకిమిడిలో, టెక్కలిలో, రాయగడలో ఎంతమంది ఉంటారో, వాళ్లు పంపడానికి అలాంటి ఒక చిరునామా ఉంటే ఎంత బాగుండేది.

తర్వాత అతని జీవితంలోకి జ్యూస్ వరల్డ్ వచ్చాడు. అమెరికాలో షికాగో కుర్రాడు, అప్పటికే పెద్ద పేరు, 2018లో ఒక రేడియో షోలో కాగితం ముక్క లేకుండా గంటకు పైగా ఆశువుగా ర్యాప్ చేసినవాడు. మన అవధానులు గుర్తొచ్చారు నాకు, పద్ధతి వేరైనా ఆ ధారణ, ఆ ధార అలాంటివే. అతను ఆస్ట్రేలియాలో కచేరీలకి వచ్చినప్పుడు ముందు పాడే అవకాశం లరోయ్‌కి దొరికింది. చూసి ముచ్చటపడి తమ్ముడిలా దగ్గరికి తీసుకున్నాడు. లరోయ్ అమెరికా వెళ్లి అతని పక్కనే ఉండి పని నేర్చుకున్నాడు. స్టూడియోలో పెద్దవాడు ఎలా మొదలెడతాడు, ఎక్కడ ఆపుతాడు, నచ్చకపోతే ఎలా వదిలేస్తాడు, ఇవన్నీ పక్కన కూర్చుని చూసి నేర్చుకునేవి, ఏ కోర్సులోనూ దొరకవు. మా పర్లాకిమిడిలో కొమ్ముతో బొమ్మలు చేసేవాళ్ల పిల్లలు కూడా అంతే, పాఠం చెప్పి నేర్పరు, పక్కన కూకోబెట్టుకుని ఆకురాయి చేతికిస్తారు.

2019 డిసెంబరు 8న జ్యూస్ వరల్డ్ చనిపోయాడు. ఇరవై ఒకటి నిండి ఆరు రోజులు. షికాగో విమానాశ్రయంలో కుప్పకూలాడు, మత్తు కలిగించే నొప్పి మాత్రలు మోతాదు మించి ప్రాణం తీశాయి. అప్పటికి లరోయ్‌కి పదహారేళ్లు. సరిగ్గా ఇప్పుడు మా మేనల్లుడి వయసు. దేశం కాని దేశంలో, తనని చేయిపట్టి తీసుకొచ్చినవాడు ఉన్నట్టుండి లేకుండా పోతే ఆ పిల్లాడు ఎలా తట్టుకున్నాడో. నేను దీని దగ్గర చాలాసేపు ఆగిపోయాను. మావాడికి కూడా ఈ ముక్క గట్టిగా చెప్పాను, పాటలు విను, రాయి, కానీ ఆ మాత్రల గొడవ గొప్ప అనుకోకు, ఆ గొంతు ఎంత బాగా పాడేదో చూశావుగా, ఇప్పుడు ఆ గొంతు లేదు. వాడు తల ఊపాడు. వాడికి తెలుసు, నాకంటే ముందే ఏడ్చి ఉంటాడు.

2020లో ఇద్దరూ కలిసి పాడిన ‘గో’ అనే పాట బయటికొచ్చింది, జ్యూస్ పోయిన ఆరు నెలల తర్వాత. ఆ జులైలో లరోయ్ మొదటి మిక్స్‌టేప్, అంటే పూర్తి ఆల్బమ్ అనకుండా వదిలే పాటల గుత్తి. దాని పేరు ప్రేమని బూతు తిడుతుంది, నేను ఇక్కడ రాయను, మా అక్క కూడా ఇది చదువుతుంది. 2021 ఫిబ్రవరిలో అది ఆస్ట్రేలియా ఆల్బమ్ చార్టులో మొదటి స్థానానికి ఎక్కింది, అంత చిన్న వయసులో ఆ దేశపు సోలో గాయకులెవరూ అక్కడికి చేరలేదు, పదిహేడేళ్లు. అందులోంచే వచ్చిన ‘వితౌట్ యూ’ అమెరికాలో మొదటి పది పాటల్లోకి వెళ్లింది, మైలీ సైరస్ కూడా గొంతు కలిపి పాడాక. నాకు వ్యక్తిగతంగా అన్నిటికంటే ఇదే ఇష్టం. గిటారు ఒక్కటే ఉంటుంది దాదాపుగా, గొంతు ఎక్కడ పగలాలో అక్కడ పగులుతుంది. పైకి లాగినప్పుడు గొంతు అందదేమో అని మనకి భయమేస్తుంది, అందీ అందనట్టు అందుతుంది, పాట మొత్తం ఆ అందీ అందకపోవడంలోనే ఉంది. మంచి శిక్షణ ఉన్న గొంతుతో పాడితే అది పాడైపోయేది.

2021 జులై 9న ‘స్టే’. జస్టిన్ బీబర్‌తో కలిసి. మా మేనల్లుడు నా చెవిలో పెట్టింది అదే. ఆ పరుగెత్తే కీబోర్డు ట్యూను చార్లీ పుత్ వాయించింది. అమెరికా బిల్‌బోర్డు హాట్ 100లో మొత్తం 7 వారాలు పైన కూర్చుంది. ఆ తర్వాతి ఏడాది గ్రామీల్లో కొత్త కళాకారుల విభాగంలో నామినేషన్, అది ఒలివియా రోడ్రిగోకి వెళ్లింది. 2023 నవంబరులో మొదటి పూర్తి ఆల్బమ్ ‘ద ఫస్ట్ టైమ్’, అంతకు ముందు నెలలో బీటీఎస్ జంగ్‌కుక్, లండన్ ర్యాపర్ సెంట్రల్ సీలతో ఒక పాట, 2024లో అతని మీద ప్రైమ్ వీడియోలో ఒక డాక్యుమెంటరీ. ఆల్బమ్ నాకు పొడుగు అనిపించింది, సగం పాటలు వేరే ఎవరు పాడినా ఫరవాలేదు అనిపించేలా ఉన్నాయి. ఎన్నో చేతులు పడితే అలా అవుతుందేమో. మేనేజర్లు కూడా రెండుసార్లు మారారు ఆ మధ్యలో. పద్దెనిమిదేళ్లవాడి చుట్టూ అంతమంది పెద్దవాళ్లు, అన్ని సంతకాలు. నాకు నచ్చిన పాటలు మాత్రం గది చిన్నదైనప్పటివి.

చదువు సంగతి కూడా దాచకూడదు. లరోయ్ స్కూలు మధ్యలో వదిలేశాడు. అతనికి చెల్లింది. మావాడికి ఈ విషయం తెలుసు, నాకు తెలుసో లేదో అని నా మొహం చూశాడు కూడా. "ఒరేయ్, ఆడికి వాళ్లమ్మ ఆ రంగంలోదే, నాన్న సౌండ్ ఇంజనీరు, పుట్టిన ఇంట్లోనే సగం దారి ఉంది. నీకు ఇంటర్ కావాలి" అన్నాను. ఒప్పుకున్నాడో లేదో గానీ ఎదురు చెప్పలేదు.

ఇప్పుడు పేరు దగ్గరికి వస్తాను, ఈ పోస్టు రాయడానికి కారణమే అది.

లరోయ్ అనేది ఎక్కణ్ణుంచి వచ్చింది? కమిలరోయ్ అనే జాతి పేరులోంచి. ఆస్ట్రేలియా తూర్పున, న్యూ సౌత్ వేల్స్ ఉత్తర భాగం నుంచి క్వీన్స్‌లాండ్ దక్షిణం దాకా వాళ్ల నేల. అతని అమ్మ వైపు పూర్వీకులు ఆ జాతివాళ్లు. వేదిక మీద ఏ పేరు పెట్టుకోవాలి అన్నప్పుడు ఆ కుర్రాడు ఆ పేరు చివరి ముక్క తీసి తగిలించుకున్నాడు.

ఆ భాషని ఇప్పుడు గమిలరాయ్ అని రాస్తున్నారు. ఆ మాటకి అర్థం ఏంటా అని వెతికితే నాకు కుర్చీలో కాలు నిలవలేదు. వాళ్ల భాషలో గమిల్ అంటే ‘లేదు’, ‘కాదు’. అరాయ్ అంటే ‘గల’. డబ్బుగలవాళ్లు, మనసుగలవాళ్లు అంటాం చూడండి, ఆ ‘గల’. అంటే గమిలరాయ్ అంటే గమిల్ గలవాళ్లు. లేదు అనడానికి గమిల్ అనేవాళ్లు ఎవరో వాళ్లే మావాళ్లు అని. అక్కడ చుట్టుపక్కల జాతులకి కూడా ఇలాగే పేర్లున్నాయి. యువాలరాయ్‌లు అంటే లేదుకి వాల్ అనేవాళ్లు, విరాజురీలు అంటే లేదుకి విర్రాయ్ అనేవాళ్లు. పక్కపక్కన ఉండే జనం, మాటలు చాలా కలుస్తాయి, తేడా ఎక్కడ తెలుస్తుంది అంటే లేదు అనడంలో. దాన్నే పేరుగా పెట్టుకున్నారు.

అర్థరాత్రి ఒంటిగంటకి ఇది చదివి లేచి నిలబడ్డాను. ఎందుకంటే మేం నేదు గలవాళ్లం. మా మేనల్లుడిని హాస్టల్లో నేదుగాడు అన్నారు కదా, సముద్రానికి అవతల ఒక జాతి మొత్తం తమ పేరుని అలాగే చెప్పుకుంది, గర్వంగా. మా షాపులో రోజూ చిల్లర ఉందా అంటే నేను తెలుగువాళ్లకి నేదు అంటాను, ఒడియావాళ్లకి నాహి అంటాను. ఒక రోజులో నా నోట్లో రెండు లేదులు. పాతపట్నం బస్సులోంచి దిగినవాడు నేదు అనగానే ఇతను మనవాడు అని నాకు తెలిసిపోతుంది, వాడి ఆధార్ కార్డు చూడక్కర్లేదు.

లరోయ్ పేరులో ‘లేదు’ చాలావరకు తెగిపోయింది, చివరి ల ఒక్కటి అంటుకుని ఉంది, ‘గల’ మాత్రం మిగిలింది. అతను ఇంత లెక్కేసి పెట్టుకున్నాడని నేననడం లేదు. పలకడానికి బాగుందని పెట్టుకుని ఉంటాడు. అయినా సరే.

కానీ ఒక మాట ఉంది. అతను పాడేదంతా ఇంగ్లిష్. గమిలరాయ్‌లో ఒక్క పాట కూడా నాకు కనపడలేదు. మొదట కొంచెం నిరాశపడ్డాను, పేరు మాత్రం వాడుకున్నాడా అని. తర్వాత ఆ దేశంలో ఏం జరిగిందో చదివాను. దాదాపు 1910 నుంచి 1970 దాకా ఆదివాసీ పిల్లల్ని ప్రభుత్వమూ చర్చి మిషన్లూ కుటుంబాల నుంచి తీసుకుపోయి హోముల్లో, తెల్లవాళ్ల ఇళ్లలో పెంచాయి. వాళ్ల భాష మాట్లాడితే శిక్షలు. దొంగిలించబడిన తరాలు అంటారు అక్కడ. 2008 ఫిబ్రవరి 13న ప్రధాని కెవిన్ రడ్ పార్లమెంటులో నిలబడి క్షమాపణ చెప్పాడు. అంటే ఎవరి ముత్తాత నోట్లోంచో మాట లాగేశారు, ఆ మాట లేకుండా మూడు నాలుగు తరాలు పెరిగాయి, ఇప్పుడు మునిమనవడు ఆ భాషలో ఎందుకు పాడలేదని నేను ఎలా అడుగుతాను? ఇంటి పేరులా మిగిలిన కొన్ని అక్షరాలు తీసుకుని అతను ప్రపంచం అంతా తిప్పుతున్నాడు. కోట్లమంది ఆ ముక్క పలుకుతున్నారు. గమిలరాయ్‌కీ పొరుగు భాషలకీ కలిపి ఒక నిఘంటువు 2003లో అచ్చయింది, అంటే ఈ పిల్లాడు పుట్టిన ఏడాదే. ఇప్పుడు ఆ భాషని మళ్లీ నేర్చుకునేవాళ్లు ఉన్నారు.

భాష నోట్లో ఉన్నవాళ్లు అక్కడ ఇంకోలా చేస్తున్నారు. బేకర్ బాయ్ అని ఇంకో ర్యాపర్, ఉత్తరాన ఆర్న్‌హెమ్ ల్యాండ్‌లో పెరిగినవాడు. వాళ్ల భాష యోల్ఙు మాతాలో ర్యాప్ చేస్తాడు, మధ్యలో ఇంగ్లిష్ కలుపుతాడు. 2019లో ఆ ఏటి యువ ఆస్ట్రేలియన్ అవార్డు ఇచ్చారు, అతని ఆల్బమ్ ‘గెలా’కి 2022లో ఆస్ట్రేలియా సంగీత రంగంవాళ్లు ఇచ్చే ఏరియా అవార్డుల్లో ఆ ఏటి ఆల్బమ్ బహుమతి. మావాడికి ఇతని పేరు తెలియదు. వినిపించాను. ఒక్క ముక్క అర్థం కాకపోయినా తల ఆడించాడు. "సవరలా ఉంది కదా మావయ్యా" అన్నాడు. సవరలా ఏమీ లేదు, కానీ వాడికి ఎందుకలా అనిపించిందో నాకు తెలిసింది. మన దగ్గర కొండమీది మాట ఎప్పుడూ వినే మాటే గానీ మైకులో వినని మాట.

అప్పుడు నేను వాడికి గిడుగు రామ్మూర్తి పంతులు గారి సంగతి చెప్పాను. స్కూల్లో ఒడియా మీడియంలో చదివాడు కాబట్టి వాడికి ఆ పాఠం రాలేదు, వైజాగ్‌లో ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం అంటే ఎందుకో కూడా తెలియకుండా చప్పట్లు కొట్టి వచ్చాడు. ఆ పంతులు గారు మా ఊళ్లోనే, పర్లాకిమిడి రాజావారి స్కూల్లోనే పాఠాలు చెప్పారు. సవరవాళ్ల భాష నేర్చుకుని, వాళ్లకి సవరలోనే బడి ఉండాలని పుస్తకాలు రాసి, సొంత ఖర్చుతో బళ్లు నడిపి, నిఘంటువు తయారు చేశారు. ఇంకోపక్క తెలుగులో మనుషులు మాట్లాడే మాటే పుస్తకంలో ఉండాలని పండితులతో దశాబ్దాలపాటు పోరాడారు. నా ఆలోచన ఏంటంటే ఈ రెండు పనులూ ఒకటే. కొండమీద సవరవాళ్ల నోటిమాటని మాటగా లెక్కపెట్టినవాడే మన నోటిమాటని కూడా లెక్కపెట్టగలడు. 1936లో పర్లాకిమిడి ఒడిశాలో కలిసినప్పుడు ఆయన మనసు విరిగి ఊరు విడిచి రాజమండ్రి వెళ్లిపోయారు. మా తాతలు వెళ్లలేదు. ఇక్కడే ఉండిపోయారు, ఒడియా నేర్చుకున్నారు, ఇంట్లో నేదు అంటూనే ఉన్నారు. తొంభై ఏళ్లు కావస్తోంది. ఏ బడీ నేర్పకుండా, ఏ పుస్తకమూ లేకుండా, అమ్మల నోటి నుంచి పిల్లల నోటికి అందుతూ వచ్చిన మాట అది. దాన్ని ఒక హాస్టల్ రూములో ఆరునెలల్లో పోగొట్టుకోవడం ఏంటి?

ఇదంతా వాడికి ఒకేసారి చెప్పలేదు. షాపులో కాపీలు తీసుకుంటూ, మధ్యలో గిరాకీ వస్తే ఆపుతూ, రెండు మూడు రోజుల్లో చెప్పాను. గమిల్ గలవాళ్ల ముక్క చెప్పినప్పుడు మాత్రం వాడు ఫోన్ పక్కన పెట్టి "నిజమేనా? ఏదీ, సూపించు" అని స్క్రీన్ మీదికి వంగి చదువుకున్నాడు. తర్వాత రెండుసార్లు తనలో తానే "నేదు గలవాళ్లు" అనుకున్నాడు, బీట్ మీద కూర్చుంటుందా లేదా అని వేళ్లతో కౌంటర్ మీద కొట్టి చూశాడు.

అక్కకి పాటల సంగతి నేనే చెప్పాను. కోపగించుకుంటుందనుకున్నాను. "ర్యాపంటే ఏట్రా, ఆ గబగబా సదివేదేనా?" అంది. అవునన్నాను. "మన తాత బుర్రకథకి వంత పాడేవాడు, ఎంత గబగబా సెప్పేవాడో" అని, కాసేపాగి, "ఇంటర్ మాత్రం పాసవ్వమను" అంది. మా తాత వంత పాడేవాడన్న సంగతి నాకు ఈ ముప్పై ఎనిమిదేళ్లలో ఎవరూ చెప్పలేదు. అక్క నాకంటే తొమ్మిదేళ్లు పెద్దది, ఆయన్ని చూసింది. ఇంకా ఏం తెలుసో కూర్చోబెట్టి అడగాలి.

కనుమ వెళ్లిన మర్నాడు వాడి ప్రయాణం. గుణుపురం నుంచి విశాఖ వెళ్లే పాసింజరు ఎక్కించడానికి స్టేషనుకి నేనూ వెళ్లాను. బండి ఇంకా రాలేదు. వాడు వాళ్లమ్మ ఫోన్ తీసుకుని ప్లాట్‌ఫాం చివరికి, జనం లేని చోటికి వెళ్లి, మాకు వీపు పెట్టి పది నిమిషాలు ఏదో పలికాడు. తిరిగొచ్చి ఫోన్ అక్క చేతిలో పెట్టి బ్యాగు తీసుకున్నాడు.

ఆ సాయంత్రం అక్క నాకు ఫోన్ ఇచ్చి ఎలా వినాలో చూపించమంది. ఒకటింపావు నిమిషం ఉంది. మొదటి వరస సబ్బు గురించి. రెండో వరసలో మహేంద్రతనయ ఉంది, మా షాపు బోర్డు ఉంది, నాహి, నేదు రెండూ ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. నలభయ్యో సెకను దగ్గర ఊపిరి చాలక తడబడ్డాడు, ఆపలేదు, అక్కణ్ణుంచే మళ్లీ అందుకున్నాడు. చివర్లో బండి కూత వచ్చి మాటలు మునిగిపోయాయి.

వైజాగ్ చేరాక ఫోన్ చేసి అది బాగా రాలేదమ్మా, తీసేయ్, మళ్లీ చేసి పంపుతాను అన్నాడట. అక్క తియ్యలేదు. "అందులో ఆడు నా గుంటడిలా మాట్లాడాడు, నాను తియ్యను" అంది.